చీకటి వంటింట్లో వెలుగు

 

మీ ఇంట్లో అన్నిటికంటే చీకటిగా ఉండే అర్ర ఏది? ఒక్క నిమిషం ఆలోచించండి.

మీలో చాలామంది "వంటిల్లే" అంటారు.

పండుగ వస్తే బయటి అర్రకు రంగు వేస్తాం. చుట్టాలు వచ్చి అక్కడ కూర్చుంటారు కదా! గడపకు పసుపు రాస్తాం. వాకిట్లో ముగ్గు వేస్తాం. వంటిల్లు మాత్రం అట్లాగే ఉంటుంది. "వంటింట్లకు ఎవరొస్తరు?" అంటారు.

ఎవరూ రాకపోవడమేమిటి? మనం వస్తాం. పొద్దున లేచి అక్కడికే పోతాం. రాత్రి గిన్నెలు కడిగి అక్కడి నుంచే వస్తాం. మన బతుకులో ఎన్నో గంటలు ఆ అర్రలోనే గడుస్తాయి. మరి ఆ అర్రకు వెలుగు వద్దా?

ఒక ఇంటి ముచ్చట

కరీంనగర్ పట్నంలో ఒక ఇరుకు గల్లీ అనుకుందాం. ఇటు ఒక ఇల్లు, అటు ఒక ఇల్లు. మధ్యలో ఒక చిన్న ఇల్లు. ముందు అర్ర ఉంది. దాని వెనుక వంటిల్లు ఉంది. పక్కింటి గోడలు అడ్డంగా ఉన్నాయి. అందుకే వంటింటికి కిటికీ లేదు. వెనుక గోడకు పైన చిన్న వెంటిలేటర్ ఉంది. వాన జల్లు పడుతుందని దానికి ఎప్పుడో అట్ట ముక్క అడ్డం పెట్టారు. పట్టపగలు కూడా బల్బు వేయాలి.

ఆ ఇంట్లో అత్త, కొడుకు, కోడలు, బడికి పోయే మనుమరాలు ఉన్నారు. మొదట అక్కడ కట్టెల పొయ్యి ఉండేది. తరువాత కిరసనాయిల్ స్టవ్వు వచ్చింది. ఇప్పుడు గ్యాసు ఉంది. పొయ్యి మారింది. గోడలు మారలేదు. పాత మసి అట్లాగే ఉంది.

ఒకరోజు కోడలు ఉప్పు డబ్బా కోసం చెయ్యి పెట్టింది. డబ్బా వెనుక తేలు ఉంది. చీకట్లో కనపడలేదు. కుట్టింది. వెంటనే దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణానికి ఏమీ కాలేదు.

ఆ రాత్రి ఇంట్లో మాట వచ్చింది.

"అటుక మీద పాత ఇత్తడి సామానున్నది. అది అమ్మేద్దాం. కొత్త అలమారా కొందాం" అన్నాడు కొడుకు.

అత్త కండ్లలో నీళ్లు తిరిగాయి. "అవి నా పెండ్లికి మా అవ్వ పెట్టిన బిందెలు బిడ్డా! తూకానికి అమ్ముతవా?" అన్నది.

కోడలు చేతికి కట్టు ఉంది. మెల్లగా అన్నది: "అలమారా తెచ్చినా చీకట్లనే ఉంటది. ముందు వెలుతురు రావాలె. తరువాత తెలుపు రావాలె. ఇగ బిందెలంటారా, వాటిని కిందికి దించి చూద్దాం అత్తమ్మా. అమ్ముడెందుకు?"

కోడలు చెప్పిన మాట సరైనది. ఎందుకో చూద్దాం.

చీకటి ఎందుకు?

వంటింట్లో చీకటికి మూడు కారణాలు ఉంటాయి.

ఒకటి: వెలుతురు వచ్చే దారి లేకపోవడం.

రెండు: మసి. నల్లని రంగు వెలుతురును మింగేస్తుంది. తెల్లని రంగు వెలుతురును తిప్పి పంపుతుంది. కావాలంటే మీరే చూడండి. నల్లని గోడకు ఒక తెల్ల తువ్వాల ఆరవేయండి. అక్కడ ఎంత వెలుగు కనిపిస్తుందో చూడండి. గోడ మొత్తం తెల్లగా ఉంటే అదే బల్బు, అదే కిటికీ ఎక్కువ వెలుగు ఇస్తాయి.

మూడు: సామాను. వాడనివి, పగిలినవి, ఖాళీ డబ్బాలు వెలుతురుకు అడ్డం వస్తాయి. తేళ్లకు, బొద్దింకలకు అవే ఇండ్లు.

పొగ పోయింది, మసి మిగిలింది

మన అవ్వలు కట్టెలు, పిడకలు వాడారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గు గనుల ఊళ్లలో బొగ్గు పొయ్యిలు వాడారు. కండ్లు మండేవి. దగ్గు వచ్చేది.

పొగ చిన్న విషయం కాదు. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అందులో 5 ఏండ్ల లోపు పిల్లలు 2 లక్షలకు పైగా ఉన్నారు. బొగ్గు సరిగ్గా మండకపోతే ఇంకో విషపు గాలి కూడా వస్తుంది. దానికి రంగు లేదు. వాసన లేదు. తలుపులు మూసి కుంపటి పెట్టుకొని పడుకుంటే ప్రాణం పోవచ్చు.

1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "దీపం" పథకం మొదలుపెట్టింది. పేద మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016 మే 1న కేంద్ర ప్రభుత్వం "ఉజ్వల" పథకం మొదలుపెట్టింది. ఇట్లా చాలా ఇండ్లకు గ్యాసు వచ్చింది. పొగ తగ్గింది. కానీ గోడల మీది మసిని ఏ పథకమూ కడగలేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

మొదటి పని: గాలికి, వెలుతురుకు దారి

ఆ ఇంట్లో మొదట వెంటిలేటర్‌కు ఉన్న అట్ట తీశారు. అద్దం కడిగారు. దోమలు రాకుండా జాలి కొట్టారు. వాన జల్లు పడకుండా బయట చిన్న రేకు పెట్టారు. అంతే! వంటింట్లోకి ఒక చారెడు ఎండ వచ్చింది. ఎన్నో ఏండ్ల తరువాత వచ్చింది.

మీది పెంకుటిల్లయితే ఇంకా సులువు. ఒకటి, రెండు పెంకులు తీసి గాజు పెంకులు పెట్టించవచ్చు. పైనుంచి వచ్చే వెలుతురు అర్ర అంతా పరచుకుంటుంది.

గోడకు కొత్త కిటికీ పెట్టాలంటే మేస్త్రీని అడగండి. పైబరువు మోసే గోడను ఇష్టం వచ్చినట్లు పగలగొట్టరాదు. కిరాయి ఇల్లయితే ఇంటివారిని అడగండి. పగలగొట్టడానికి వారు ఒప్పుకోకపోవచ్చు. సున్నం వేసుకుంటామంటే చాలామంది కాదనరు.

ఒక జాగ్రత్త. గ్యాసు గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు. కిందనే నేల మీద నిలుస్తుంది. అందుకే వంటింట్లో కింద కూడా గాలి పోయే దారి ఉండాలి. తలుపు కింది సందును గుడ్డలతో మూయకండి. స్టవ్వు ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. సిలిండర్‌ను నిలబెట్టే ఉంచాలి. పడుకోబెట్టరాదు.

రెండో పని: మసి కడగడం

"గోడలు నేను గీకుతా" అన్నాడు కొడుకు. ముక్కుకు, నోటికి తువ్వాల కట్టుకున్నాడు. మంచి పని చేశాడు. వంట ఒక్కరికి కాదు, ఇంటిల్లిపాదికీ. మరి వంటింటి పని కూడా అందరిదీ కావాలి కదా!

ముందు బూజు దులపాలి. ఊడిన సున్నం గీకాలి. తరువాత కట్టెల బూడిద కలిపిన నీళ్లతో గోడ కడగాలి. మసి మీదనే సున్నం వేస్తే నాలుగు రోజులకు మళ్లీ మరకలు పైకి తేలుతాయి.

పాత తలుపులకు, కిటికీలకు రంగు ఉంటే దాన్ని ఎండుగా గీకకండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము లోపలికి పోతే పిల్లల మెదడుకు చేటు. తడిపి గీకండి. దుమ్ము లేవనీయకండి. ఆ సమయంలో పిల్లలను, గర్భిణులను దూరంగా ఉంచండి.

మూడో పని: సున్నం

సున్నం మనకు కొత్త కాదు. మన జిల్లాల్లో సున్నపురాయి ఉంది. బసంత్‌నగర్‌లో, దేవాపూర్‌లో, మంచిర్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టింది ఆ రాయి కోసమే.

సున్నపురాయిని బట్టీలో కాలిస్తే రాతిసున్నం వస్తుంది. నీళ్లలో వేస్తే అది కుతకుత ఉడుకుతుంది. గోడకు పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. రాయి సున్నమై, సున్నం మళ్లీ రాయి అవుతుందన్న మాట! సున్నానికి క్షార గుణం ఉంటుంది. అందుకే సున్నం వేసిన గోడకు బూజు తొందరగా పట్టదు.

సున్నం కలిపే పద్ధతి:

1. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్లు తీసుకోండి.

2. ఇనుప డబ్బాలోనో, పాత కుండలోనో నానబెట్టండి. ప్లాస్టిక్ బకెట్ వద్దు. వేడికి మెత్తబడుతుంది.

3. నీళ్లలో సున్నం కొద్దికొద్దిగా వేయండి. దూరంగా నిలబడండి. ఒక రాత్రి ఉంచండి.

4. పలుచని గుడ్డతో వడగట్టండి.

5. కొద్దిగా తుమ్మ బంక వేడినీళ్లలో కరిగించి కలపండి. అప్పుడు సున్నం గోడను పట్టుకుంటుంది. చేతికి అంటదు.

6. కొంచెం నీలిమందు కలిపితే తెలుపు ఇంకా మెరుస్తుంది.

తడి సున్నం తెల్లగా కనిపించదు. కోడలు మొదటి పూత వేసి, "ఏంది అత్తమ్మా, గోడ అట్లనే ఉన్నది?" అన్నది. "ఆరనియ్యి బిడ్డా, గప్పుడు చూడు" అన్నది అత్త. అనుభవం మాట అది! ఆరిన తరువాతనే తెలుపు తేలుతుంది. చిక్కగా ఒక్కసారి పూయకండి. పలుచగా రెండు, మూడు సార్లు పూయండి.

కండ్లు జాగ్రత్త! ఉడికే సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే నలపకండి. వెంటనే మంచినీళ్లు ధారగా పోస్తూ కనీసం 15 నిమిషాలు కడగండి. తరువాత దవాఖానకు పోండి. సున్నం నానేటప్పుడు పిల్లలను దగ్గరికి రానీయకండి.

ఇంతకు ముందు ఆయిల్ పెయింట్ వేసిన గోడకు సున్నం పట్టదు. అది గుర్తుంచుకోండి.

నాలుగో పని: రంగు

తెల్లగోడ చూసి మనుమరాలు అన్నది: "బాపమ్మా, అంతా తెల్లగనే ఉంటే దవాఖాన లెక్కున్నది. రంగులు వేద్దాం."

అత్త నవ్వింది. "మా ఊర్ల గోడలకు కింద జాజు పూసేటోళ్లం. పైన తెల్లసున్నం. మధ్యల చుక్కల ముగ్గు. ఎంత మంచిగుండేదో!" అన్నది.

జాజు ఎర్రమన్ను. మట్టి రంగులు సున్నంలో కలుపుతే నిలుస్తాయి. ఎర్రమన్ను, పచ్చమన్ను, నీలం పనికి వస్తాయి. పసుపు పనికిరాదు. ఎందుకో మీకే తెలుసు. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుంది? పారాణిలా ఎర్రబడుతుంది!

ఆ ఇంట్లో ఏం చేశారో చూడండి. పైకప్పు, పెద్ద గోడలు తెల్లగానే ఉంచారు. వెలుతురు కోసం. గోడలో రెండు గూళ్లు ఉన్నాయి. వాటి లోపల పచ్చమన్ను కలిపిన సున్నం పూశారు. గూటి చుట్టూ జాజు గీత గీశారు. అలమారా తలుపుకు నెమలికంఠం రంగు వేశారు. తలుపు మీద మనుమరాలు రెండు చిలుకలను గీసింది. ఒక చిలుక ముక్కు వంకర పోయింది. ఎవరూ చెరపలేదు.

స్టవ్వు వెనుక గోడకు నూనె చిట్లుతుంది. అక్కడ సున్నం నిలవదు. అక్కడ 2 అడుగుల ఎత్తు వరకు ఆయిల్ పెయింట్ వేయవచ్చు. మిగిలిపోయిన రంగురంగుల టైల్సు ముక్కలు దొరికితే అతికించవచ్చు. ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది ఉన్నా తప్పు లేదు. తుడిస్తే శుభ్రం కావాలి. అదే ముఖ్యం.

పెయింట్ కొనేటప్పుడు డబ్బా మీద రాసింది చదవండి. ఇంగ్లీషులో ఉంటే పిల్లల చేత చదివించండి. ఇండ్లకు వేసే పెయింట్లలో సీసం 10 లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని మన దేశంలో నియమం ఉంది. 2016లో చేసిన ఈ నియమం 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. "సీసం లేనిది ఇయ్యండి" అని అడగండి. అడగడం మన హక్కు.

ఐదో పని: పాత సామాను కొత్త కొలువు

అటుక మీది సామాను దించారు. రెండు ఇత్తడి బిందెలు, ఒక రాగి చెంబు, ఒక కంచు గిన్నె ఉన్నాయి. ఒక దీపం ఉంది. అన్నీ నల్లబడి ఉన్నాయి.

చింతపండు, ఉప్పు వేసి తోమారు. పులుపు ఆ నలుపును కరిగిస్తుంది. బంగారంలా మెరిశాయి. ఎదురుగా వెంటిలేటర్ వెలుతురు పడితే అర్రకు ఇంకో దీపం పెట్టినట్లయింది. మెరిసే ఇత్తడి కూడా వెలుతురును తిప్పి పంపుతుంది కదా!

అత్త దీపాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమె పుట్టిల్లు ఆదిలాబాద్ దిక్కు. "ఇది ఓజావాళ్లు చేసింది. మా నాయిన తెచ్చిండు" అన్నది.

ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా కళాకారులు ఇత్తడితో దీపాలు, గంటలు, బొమ్మలు చేస్తారు. మొదట మట్టితో అచ్చు చేస్తారు. దాని మీద మైనపు తీగలతో నగిషీ చుడతారు. పైన మళ్లీ మట్టి పూస్తారు. కాలిస్తే మైనం కరిగి పోతుంది. ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. మట్టిని పగలగొడితే బొమ్మ వస్తుంది. ఒక అచ్చుకు ఒకటే బొమ్మ. అందుకే అట్లాంటిది ఇంకొకటి ఉండదు. ఈ ఆదిలాబాద్ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తూకానికి అమ్మితే ఇత్తడి ధర వస్తుంది. ఆ చేతి పనికి ధర రాదు.

గూట్లో దీపం పక్కన కోడలు నిర్మల్ బొమ్మలు పెట్టింది. కర్రతో చేసిన వంకాయ, మిరపకాయ, మామిడిపండు. నిర్మల్ పట్నం ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న నిర్మల్ కూడా జిల్లా అయింది. అక్కడ పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు. ఆ కర్ర తేలికగా, మెత్తగా ఉంటుంది. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి, ఆ ముద్దతో బొమ్మను సాపు చేస్తారు. తరువాత రంగులు వేస్తారు. 2009లో ఈ బొమ్మలకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన వాటిని నిర్మల్ బొమ్మలని చెప్పి అమ్మరాదు.

పాత గిన్నెలో వండవచ్చా?

రాగి, ఇత్తడి గిన్నెల్లో చింతపులుసు, మజ్జిగ, టమాట వండరాదు. ఉంచరాదు. పులుపుకు రాగి కరిగి కూరలో కలుస్తుంది. కడుపులో తిప్పుతుంది. వాంతులు అవుతాయి. అందుకే వెనుకటి వాళ్లు లోపల కళాయి పూయించేవారు. గిన్నెను వేడి చేసి, నవాసారం చల్లి, తగరం కరిగించి దూదితో రుద్దుతారు. లోపల వెండిలా తెల్లబడుతుంది. ఆ తెలుపు అరిగిపోయి ఎర్రగా కనిపిస్తే మళ్లీ పూయించాలి. కళాయికి తగరమే వాడాలి. సీసం కలిపితే విషం. కళాయి పూసేవారు దొరకకపోతే ఆ గిన్నెలో వండకండి. పప్పు డబ్బాలు పెట్టండి. గరిటెలు నిలబెట్టండి. పూలమొక్క పెట్టండి.

పాతది కదా అని ప్రతిదీ దాచుకోవద్దు. పగిలింది, తుప్పు పట్టింది తీసేయండి. చేతికి పనికి వచ్చేది, మనసుకు దగ్గరైనది ఉంచుకోండి.

లెక్క చేద్దాం

గోడలకు ఎంత సున్నం కావాలి? దుకాణానికి పోయే ముందు మీరే లెక్క వేసుకోండి.

వంటిల్లు పొడవు 8 అడుగులు. వెడల్పు 6 అడుగులు. గోడ ఎత్తు 9 అడుగులు.

పొడవు గోడ ఒకటి: 8 × 9 = 72 చదరపు అడుగులు. అట్లాంటివి 2. మొత్తం 144.

వెడల్పు గోడ ఒకటి: 6 × 9 = 54 చదరపు అడుగులు. అట్లాంటివి 2. మొత్తం 108.

రెండూ కలిపితే: 144 + 108 = 252.

తలుపు: 3 × 6 = 18. తీసివేయండి: 252 – 18 = 234 చదరపు అడుగులు.

కిలోకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో దుకాణంలో అడగండి. 234ను ఆ అంకెతో భాగించండి. కావలసినంతే కొనండి. లెక్క తెలిసిన ఆడమనిషికి ఎవరూ ఎక్కువ అంటగట్టలేరు.

పని అయిపోయింది

ఆ ఇంట్లో ఐదు పనులూ అయ్యాయి. గోడ పగలలేదు. బిందెలు అమ్మలేదు. కొత్త అలమారా కొనలేదు.

ఇప్పుడు పగలు బల్బు వేయడం లేదు. ఉప్పు డబ్బా వెనుక ఏముందో కనిపిస్తుంది. బియ్యంలో రాళ్లు కనిపిస్తాయి. సాయంత్రం మనుమరాలు వంటింట్లోనే కూర్చుని చదువుకుంటుంది. కోడలు కూర కలుపుతూ ఆమె పుస్తకంలోకి తొంగి చూస్తుంది. తనకు వచ్చిన అక్షరాలు కూడబలుక్కుంటుంది. నల్లని గోడ ఉన్నప్పుడు అక్కడ చదవాలంటే కుదిరేది కాదు.

ఒకరోజు పక్కింటి వదినె వచ్చింది. ముందు అర్రలో కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. నేరుగా లోపలికి పోయింది. "ఇక్కడనే కూసుంట. ఈడ మంచిగున్నది" అన్నది.

అత్త కోడలి దిక్కు చూసి నవ్వింది.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ వంటింట్లోకి వెలుతురు ఎటు నుంచి వస్తుంది? దానికి ఏది అడ్డంగా ఉంది?

2. మీ ఇంట్లో రంగులకు, సామానుకు డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎవరి మాట నెగ్గుతుంది?

3. పాత రంగును ఎండుగా ఎందుకు గీకరాదు?

4. మీ అటుక మీద ఏ పాత సామాను ఉంది? అది ఎవరు ఇచ్చారు? ఆ ముచ్చట ఐదు వాక్యాల్లో రాయండి.

5. మీ వంటింటి గోడలు కొలవండి. పైన చూపినట్లు లెక్క చేయండి.